వివాదాల్లో ఉన్న ప్రతిపక్ష నేత గురించి జనం నిజంగా ఏమనుకుంటున్నారో ఎలా తెలుసుకోవాలి?

ఎన్నికలు దగ్గర పడితే ధర్మాబాద్ మిరప మార్కెట్లో రెండు మాటలు వినబడతాయి. "ఆయన మంచోడే గానీ గెలువడు." "కేసులున్నయ్ గానీ గెలుస్తడు." నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు ఉండే తెలుగువాళ్లకు ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, టీవీలో హైదరాబాద్ రాజకీయం. ఓటు మాత్రం మహారాష్ట్రలో. తెలుగు ఛానల్లో విన్నదే మన ఊరి అభిప్రాయం అనుకుని నేను చాలాసార్లు పొరబడ్డాను. అప్పటి నుంచి ఎన్నికలు వచ్చినప్పుడల్లా నోట్‌బుక్ పట్టుకుని ఇళ్లు తిరగడం అలవాటైంది. ఈ పని మీరూ చేయొచ్చు. రెండు ఆదివారాలు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందు ప్రశ్నలు విడదీయండి

"ఆయన ఎట్లాంటోడు?" అని అడిగితే జవాబు కలగాపులగంగా వస్తుంది. దాన్ని మూడు ముక్కలు చేయండి. మీ ఊళ్లో ఆయనకు ఎక్కువ ఓట్లు పడతాయా? మీరు ఆయనకు ఓటేస్తారా? ఆయన చేసిన ఫలానా పని మీకు సరైనదనిపించిందా?

మొదటిదానికి జనం పక్కింటివాళ్లను తలుచుకుని జవాబిస్తారు, రెండోదానికి తమ సంగతి చెబుతారు. "నాకు ఇష్టమే, కానీ ఎవరూ వెయ్యరు కదా" అనేవాళ్లు పది ఇళ్లలో నలుగురు కనబడితే, ఆ నాయకుడికి ఉన్న కష్టం నడవడి వల్ల వచ్చింది కాదు. గెలవడన్న ప్రచారమే ఆయన్ను వెనక్కి లాగుతోంది. ప్రశ్నలు కలిపి అడిగితే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

ఈ తేడాను సుప్రీంకోర్టు కూడా పట్టించుకుంది. కేసులున్న వ్యక్తికి టికెట్ ఇచ్చే పార్టీ ఎందుకిచ్చిందో జనానికి చెప్పాలని, గెలుస్తాడన్న ఒక్క కారణం సరిపోదని 2020 ఫిబ్రవరి 13న తీర్పు ఇచ్చింది.

మనిషి గురించి కాకుండా, చేసిన పని గురించి అడగండి

దీనికి మన ధర్మాబాద్ కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2010 జూలైలో చంద్రబాబు నాయుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిపక్ష నేత. గోదావరి మీద, శ్రీరాంసాగర్‌కు ఎగువన మహారాష్ట్ర కడుతున్న బాబ్లీ ప్రాజెక్టును చూస్తామంటూ తన పార్టీ ఎమ్మెల్యేలతో వచ్చారు. పోలీసులు అందరినీ అరెస్టు చేసి ఇక్కడి ఐటీఐలో ఉంచారు. ఆ కేసులోనే ధర్మాబాద్ కోర్టు 2018 సెప్టెంబరులో ఆయనకు వారెంట్ జారీ చేసింది. అప్పటికి ఆయన ముఖ్యమంత్రి.

ఇప్పుడు ఆ పనిని రెండు వైపుల నుంచీ చూడండి. బాసర దాటితే శ్రీరాంసాగర్ ఆయకట్టు రైతు "మా నీళ్ల కోసం అరెస్టయ్యిండు" అంటాడు. ఇక్కడి రైతు "మా ఊరి పక్కన పారే నీళ్లు మాకే వద్దంటడా?" అంటాడు. ఇద్దరూ మాట్లాడేది తెలుగే. ఇద్దరి మధ్య పెళ్లి సంబంధాలు కూడా ఉంటాయి. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ప్రాజెక్టుకు అనుమతిస్తూ, జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలని షరతు పెట్టాక కూడా ఈ రెండు మాటలూ ఆగలేదు.

అందుకే మీరు ఏ నాయకుడి గురించి అడిగినా, పనిని విశేషణాలు లేకుండా చెప్పండి. "బాబ్లీ మీద దౌర్జన్యంగా వచ్చాడు కదా" అన్నా, "రైతుల కోసం ధైర్యంగా వచ్చాడు కదా" అన్నా జవాబు మీరే నోట్లో పెట్టినట్టు. "2010లో బాబ్లీ చూడటానికి వచ్చి అరెస్టయ్యారు, అది సరైన పనేనా?" అంటే సరిపోతుంది. జవాబు పక్కనే ఆ మనిషి పొలానికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో కూడా రాసుకోండి. చాలాసార్లు అభిప్రాయానికి మూలం అక్కడే దొరుకుతుంది.

ఇల్లు కదిలే ముందు కాగితాలు చూడండి

అభ్యర్థి నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్‌ను ఫారం 26 అంటారు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో అందరికీ కనబడుతుంది. అందులో ఎఫ్ఐఆర్ ఉందా, కోర్టు అభియోగాలు ఖరారు చేసిందా, శిక్ష పడిందా అనేవి వేరువేరుగా చూడండి. జనం నోట్లో ఈ మూడూ "కేసు" అన్న ఒక్క మాటే. ధర్నా చేసినందుకు పెట్టిన కేసూ, డబ్బు కాజేసినందుకు పెట్టిన కేసూ కూడా ఒకటే అయిపోతాయి.

తేదీలు కూడా ముఖ్యం. రాహుల్ గాంధీకి 2023 మార్చిలో సూరత్ కోర్టు రెండేళ్ల శిక్ష వేసింది, ఎంపీ పదవి పోయింది. ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ దోష నిర్ధారణపై స్టే ఇచ్చింది, పదవి తిరిగొచ్చింది. 2024లో లోక్‌సభలో ప్రతిపక్ష నేత అయ్యారు. ఒకరు మార్చి దగ్గర ఆగిపోయి మాట్లాడతారు, ఇంకొకరు ఆగస్టు నుంచి మొదలుపెడతారు. ఎవరితోనూ వాదించకండి. వాళ్లకు ఎంతవరకు తెలుసో రాసుకోండి, అంతే.

ఎవరిని అడగాలి

చాయ్ హోటల్ దగ్గర అడిగితే చాయ్ హోటల్ అభిప్రాయమే వస్తుంది. ఓటరు జాబితా తీసుకుని ప్రతి పదో ఇంటికి వెళ్లండి. తెలుగు ఇళ్లే కాకుండా మరాఠీ, ఉర్దూ ఇళ్లు, లంబాడా తండాలు కూడా ఆ లెక్కలో వాటంతట అవే వస్తాయి. ఎవరి ఇంట్లో వాళ్ల భాషలో అడగండి, రాకపోతే వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లండి.

ఆడవాళ్లను ఒంటరిగా ఉన్నప్పుడు అడగడం అన్నిటికన్నా ముఖ్యం. మా పెద్దమ్మ తన కొడుకు ముందు ఒక మాట, వంటింట్లో నాతో ఒక మాట చెప్పింది. ఆమె ఓటు ఏ మాట ప్రకారం పడుతుందో మీకు తెలుసు. "అక్కా, పేరు రాసుకోను, మీరేమనుకుంటున్నరో చెప్పండి చాలు" అనండి. అన్నట్టే, నిజంగా రాసుకోకండి. పార్టీ కండువా, పార్టీ స్టిక్కర్ ఉన్న బండి ఆ రోజు వద్దు. సోయాబీన్ కోత, పత్తి ఏరే రోజుల్లో పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. సాయంత్రం వెళ్లండి.

జనాన్ని చూసి ఓట్లు లెక్కపెట్టకండి

2022 నవంబరు 7 రాత్రి రాహుల్ గాంధీ భారత్ జోడో యాత్ర తెలంగాణ దాటి దెగ్లూర్‌లోకి వచ్చింది. అలాంటి యాత్రలో జనాన్ని చూసి ఓట్లు లెక్కపెడితే ఎలా పొరబడతామో తర్వాతి ఫలితాల్లో చూడండి. నాందేడ్‌లో 2024 లోక్‌సభ సీటు కాంగ్రెస్‌దే. ఆ ఎంపీ చనిపోవడంతో నవంబరు 20న, అసెంబ్లీ ఎన్నికలతో పాటే ఉప ఎన్నిక జరిగింది. లోక్‌సభకు కాంగ్రెస్ 1,457 ఓట్లతో గెలిచింది. అదే రోజు, అదే బూత్‌లలో, ఆ పరిధిలోని ఆరు అసెంబ్లీ సీట్లూ మహాయుతికి, అంటే బీజేపీ ఉన్న కూటమికి పోయాయి. దెగ్లూర్ కూడా అందులో ఒకటి.

ఒకే మనిషి ఒకే నిమిషంలో రెండు రకాలుగా ఆలోచించగలడు. కాబట్టి "ఢిల్లీకి ఎవరు? ముంబైకి ఎవరు?" అని విడిగా అడగండి. మీ బూత్‌లో గతంలో ఎవరికెన్ని పడ్డాయో ఫారం 20లో దొరుకుతుంది. మీ నోట్‌బుక్ లెక్కను దాని పక్కన పెట్టి చూడండి. పోయినసారి ఎవరికి వేశారని మీరు అడిగినదానికీ ఫారం 20కీ పొంతన లేకపోతే, భయపడి నిజం చెప్పనివాళ్లు ఎక్కువున్నారేమో అని అనుమానించండి.

లెక్క, చట్టం

ఎంపిక సరిగ్గా ఉన్నా, వంద మందిని అడిగితే జవాబు దాదాపు 10 శాతం అటూ ఇటూ కావచ్చు. 400 మందిని అడిగితే 5 శాతం. "48 మంది అవునన్నారు, 52 మంది కాదన్నారు, కాబట్టి ఓడిపోతాడు" అని వంద ఇళ్ల లెక్కతో చెప్పకండి. "ఇద్దరూ దగ్గర దగ్గరే ఉన్నారు" అనడం నిజాయితీ. చెప్పనన్నవాళ్లను కూడా వేరే గడిలో లెక్కపెట్టండి, వాళ్లను ఏ వైపుకీ పంచకండి.

పోలింగ్ ముగిసే ముందు 48 గంటల్లో ఇలాంటి లెక్కలు టీవీ వంటి ఎలక్ట్రానిక్ మీడియాలో చూపించడం నిషేధం. ఓటేసి వచ్చినవాళ్లను అడిగి తీసే ఎగ్జిట్ పోల్‌పై నిషేధం మొదటి దశ పోలింగ్ మొదలైనప్పటి నుంచి చివరి దశ ముగిసిన అరగంట దాకా ఉంటుంది. ఆ రోజుల్లో మీ లెక్కను వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టకండి, నోట్‌బుక్‌లోనే ఉండనివ్వండి. ఫలితాలు వచ్చాక మీ బూత్ అంకెలతో పోల్చి, ఎక్కడ తప్పిందో ఆ ఇళ్ల వరుసకు మళ్లీ వెళ్లి అడగండి.