ఉపగ్రహాన్ని ఐక్యరాజ్యసమితి రిజిస్టర్‌లో నమోదు చేయించడం: దరఖాస్తు విధానం

ఈ నమోదుకు కంపెనీ గానీ విశ్వవిద్యాలయం గానీ నేరుగా దరఖాస్తు పెట్టుకునే వీల్లేదు. సమితికి వివరాలు పంపాల్సింది దేశం. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ఆరో అధికరణం ప్రకారం ప్రైవేటు సంస్థల అంతరిక్ష కార్యకలాపాలకు కూడా ప్రభుత్వానిదే బాధ్యత, నిరంతర పర్యవేక్షణా దానిదే. అందుకే మీ దరఖాస్తు మీ దేశంలో అంతరిక్ష వ్యవహారాలు చూసే అధికార సంస్థకు వెళ్లాలి. ఆ సంస్థ జాతీయ రిజిస్టర్‌లో ఎక్కించి, దౌత్య మార్గంలో, సాధారణంగా వియన్నాలోని శాశ్వత ప్రతినిధి కార్యాలయం ద్వారా, సమితి అంతరిక్ష వ్యవహారాల కార్యాలయానికి పంపుతుంది.

ఇది అనుమతి కాదు. ప్రయోగానికి లైసెన్సు మీ దేశ చట్టం ఇస్తుంది. రేడియో ఫ్రీక్వెన్సీల పని పూర్తిగా వేరు. అది మీ దేశపు టెలికాం యంత్రాంగం ద్వారా జెనీవాలోని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌కు వెళ్తుంది. ఒకటి అయితే రెండోదీ అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు, అలా కాదు.

ఏ దేశం నమోదు చేయాలి?

అసలు చిక్కంతా ఇక్కడే. రిజిస్ట్రేషన్ ఒప్పందం (1976 సెప్టెంబరు 15 నుంచి అమల్లో ఉంది) ప్రకారం ప్రయోగించిన దేశం, ప్రయోగం చేయించుకున్న దేశం, ఎవరి భూభాగం నుంచి లేదా ఎవరి ప్రయోగ కేంద్రం నుంచి రాకెట్ లేచిందో ఆ దేశం, ఇవన్నీ ‘ప్రయోగ దేశాలే’. ఒక దేశపు విద్యార్థులు తయారుచేసిన ఉపగ్రహం మరో దేశపు రాకెట్‌పై మూడో దేశం నేల మీంచి వెళ్తే, ముగ్గురికీ ఆ హోదా వస్తుంది. కానీ నమోదు చేయాల్సింది ఒక్కరే. ఎవరన్నది ఆ దేశాలే మాట్లాడుకుని తేల్చుకోవాలి. ప్రయోగం అయ్యాక ఈ చర్చ మొదలుపెడితే ఎవరికి వారు ఎదుటివారు చేస్తారులే అని ఊరుకుంటారు, ఉపగ్రహం ఏ జాబితాలోనూ లేకుండా తిరుగుతుంటుంది. ప్రయోగ ఒప్పందం రాసుకునేటప్పుడే ఈ సంగతి మీ అధికార సంస్థ ముందుపెట్టి, లిఖితపూర్వకంగా జవాబు తీసుకోండి.

నమోదు చేసిన దేశానికి ఆ వస్తువుపై అధికారం, నియంత్రణ దక్కుతాయి. నష్టపరిహారం విషయంలో మాత్రం రిజిస్టర్‌లో పేరు లేనంత మాత్రాన మిగతా ప్రయోగ దేశాలు తప్పించుకోలేవు. 1972 నాటి బాధ్యతా ఒప్పందం వాటన్నిటినీ కలిపి పట్టుకుంటుంది. 1978లో కాస్మోస్ 954 అనే సోవియట్ ఉపగ్రహం కెనడా ఉత్తరభాగంలో కూలి అణు ఇంధన శకలాలు చెల్లాచెదురైనప్పుడు, పరిహారం తేలేసరికి 1981 వచ్చింది. సోవియట్ యూనియన్ 30 లక్షల కెనడియన్ డాలర్లు చెల్లించింది.

ఇవ్వాల్సిన వివరాలు

ఒప్పందం తప్పనిసరి చేసినవి కొన్నే: ప్రయోగ దేశం లేదా దేశాల పేర్లు, వస్తువుకు ఇచ్చిన గుర్తు లేదా నమోదు సంఖ్య, ప్రయోగ తేదీ, స్థలం, కక్ష్య వివరాలు, అది చేసే పని. కక్ష్య వివరాలంటే పరిభ్రమణ కాలం, వంపు కోణం (భూమధ్యరేఖ తలంతో కక్ష్య చేసే కోణం), భూమికి అత్యంత దూరం, అత్యంత దగ్గర. కాలాన్ని నిమిషాల్లో, కోణాన్ని డిగ్రీల్లో, దూరాన్ని కిలోమీటర్లలో, తేదీని సమన్వయ సార్వత్రిక సమయం (యూటీసీ) ప్రకారం రాయమని 2007లో సర్వసభ్య సభ తీర్మానం 62/101 సూచించింది. అంతరిక్ష వ్యవహారాల కార్యాలయం దగ్గర నమూనా ఫారం ఉంది. మీ అధికార సంస్థ వేరే ఫారం ఇచ్చినా ఒకసారి దీంతో సరిచూసుకోవడం మంచిది.

అంతర్జాతీయ గుర్తింపు సంఖ్యలో తప్పులు దొర్లుతుంటాయి. ప్రయోగించిన ఏడాది, ఆ ఏడాదిలో ఎన్నో ప్రయోగం, చివర వస్తువును సూచించే ఇంగ్లిష్ అక్షరం, ఇదీ దాని కూర్పు. స్పుత్నిక్ 1ది 1957-001బి. ‘ఎ’ దాన్ని మోసుకెళ్లిన రాకెట్‌ది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వదిలే చిన్న ఉపగ్రహాలకైతే అవి ఏ ఏడాదిలో బయటికొచ్చినా ముందు 1998-067 అనే ఉంటుంది, ఎందుకంటే అది ఆ కేంద్రపు మొదటి భాగం జర్యా ప్రయోగ సంఖ్య. 2020లలో వదిలిన ఉపగ్రహానికి 1998 ఏమిటని కంగారుపడి దిద్దకండి.

గడువు, ఆ తర్వాత

ఒప్పందంలో తేదీ గడువు లేదు, ‘వీలైనంత త్వరగా’ అని మాత్రమే ఉంది. మీ జాతీయ చట్టం గడువు పెట్టి ఉంటే అదే మీకు వర్తిస్తుంది. నమోదు కక్ష్యలోకి లేదా అంతకన్నా దూరం వెళ్లినవాటికే కాబట్టి, ప్రయోగం విఫలమై కక్ష్య చేరని ఉపగ్రహం గురించి పంపాల్సిన పనిలేదు. సమితికి అందిన వివరాలు అధికారిక పత్రంగా వెలువడతాయి, ఎవరైనా చూడొచ్చు. ఒప్పందంలో చేరని దేశాలు 1961 నాటి తీర్మానం 1721 కింద స్వచ్ఛందంగా పంపవచ్చు.

ఉపగ్రహం పని ఆగిపోయినా, వేరే కక్ష్యకు తరలించినా, యజమాని మారినా ఆ మార్పునూ అదే మార్గంలో పంపాలన్నది 62/101 సూచన. వాతావరణంలోకి దిగి కాలిపోయాక కక్ష్యలో లేదని తెలపడం మాత్రం ఒప్పందమే చెప్పిన విధి. ప్రాజెక్టు ముగిసి బృందం చెదిరిపోయాక ఈ కబురు పంపేవారు ఉండరు కాబట్టి, ఆ పని ఎవరిదో దరఖాస్తు పెట్టేనాడే పేరుతో సహా రాసిపెట్టుకోండి.