కిడ్నీలో నీటితిత్తి ఉన్నవారు ఎండలు ముదరకముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

నిరుడు ఉగాదికి ముందు కడుపునొప్పి అంటే మా పిన్నికి స్కానింగ్ తీయించాం. నొప్పి రెండు రోజుల్లో తగ్గింది గానీ రిపోర్టు చివరి వాక్యం మిగిలిపోయింది: ఎడమ కిడ్నీలో 3 సెంటీమీటర్ల సింపుల్ సిస్టు, అంటే మామూలు నీటితిత్తి. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. తెల్లారేసరికి పొయ్యి మీద కొండపిండి ఆకు కషాయం మరుగుతోంది.

ఆ కషాయం కిడ్నీ రాళ్లు కరుగుతాయని జనం తాగేది. తిత్తి రాయి కాదు, పలుచని గోడ లోపల నీరు నిండిన చిన్న సంచి. 50 దాటినవారిలో ఇది చాలా మామూలు. చాలామందికి బాధే ఉండదు, వైద్యమూ అక్కర్లేదు. ఎన్ని నీళ్లు తాగినా, ఏ ఆకు మరిగించినా అది కరగదు.

ముందు రిపోర్టు నిదానంగా చదివించుకోండి. ‘సింపుల్’ అని ఉంటే గుండె దిటవు చేసుకోవచ్చు. గోడ మందంగా ఉందనో, లోపల గట్టి భాగం ఉందనో రాస్తే మాత్రం యూరాలజిస్టును (కిడ్నీ, మూత్రనాళాల ఆపరేషన్లు చేసే డాక్టరును) కలవాలి. రెండు కిడ్నీల నిండా తిత్తులుండి, రక్తసంబంధీకుల్లోనూ ఉంటే అది వంశపారంపర్యంగా వచ్చే వేరే జబ్బు కావచ్చు.

నాకు అసలు భయం నొప్పి మాత్రలతోనే. పొలంలోనో, పెళ్లి పనుల్లోనో చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీకి రక్తం సరిగా అందదు. అప్పుడు నడుము పట్టేసిందని డైక్లోఫెనాక్ లాంటిది వేసుకుంటే ఆ కాస్త రక్తమూ తగ్గుతుంది. తిత్తి చేయని హాని మాత్ర చేస్తుంది. దయచేసి దుకాణంలో అడిగి కొనుక్కోకండి. పైగా నడుము నొప్పికి కారణం చాలాసార్లు కండరాలే, తిత్తి కాదు.

దాహం వేసేదాకా ఆగకుండా, మూత్రం లేత పసుపులో ఉండేలా నీళ్లు తాగండి. గుండెజబ్బు, కాళ్ల వాపు ఉన్నవారు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. బీపీ ఉన్నవారు మజ్జిగలో ఉప్పు తగ్గించాలి. తిత్తి పెద్దదైతే నడుము పక్కన దెబ్బ తగలనివ్వకండి, పగిలే అవకాశం ఉంది.

చలిజ్వరంతో పాటు పక్కటెముకల కింద ఒకవైపు నొప్పి వచ్చినా, మూత్రం ఎర్రగా కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. తిత్తికి ఇన్ఫెక్షన్ సోకిందేమో, లోపల రక్తం చేరిందేమో చూస్తారు. తిత్తి బాగా పెరిగి నొప్పి పెడుతుంటే సూదితో నీరు తీసి, మళ్లీ ఊరకుండా మందు ఎక్కిస్తారు, లేదా చిన్న రంధ్రాల ద్వారా చేసే లాపరోస్కోపీ ఆపరేషన్ చేస్తారు.

వెళ్లేటప్పుడు పాత స్కానింగ్ తప్పక తీసుకెళ్లండి, పెరిగిందో లేదో పోల్చేది దానితోనే. మా పిన్ని తన రిపోర్టును, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కాగితాన్ని ఒకే సంచిలో పెట్టి బీరువా తలుపు లోపల తగిలించుకుంది.