ఇటలీ కొండల్లో సైకిల్ తొక్కాలంటే పాత రైలు దారి పట్టండి
ఇటలీ కొండ ఊళ్ల మధ్య సైకిల్ తొక్కాలని ఉన్నా ఘాట్ రోడ్లు, కార్లు అంటే టెన్షన్ పడేవాళ్లకు ఉంబ్రియా ప్రాంతంలోని స్పొలేటో–నోర్చా ఊళ్ల మధ్య పాత రైలు మార్గం చాలా బాగుంటుంది. 1926లో మొదలై 1968లో మూతపడిన లైను అది, ఇప్పుడు సైకిల్ బాట. రైలు కోసం వేసిన దారి కాబట్టి ఎత్తు నెమ్మదిగా పెరుగుతుంది, చాలావరకు వాలు 4.5 శాతం లోపే, అంటే వంద మీటర్లు వెళ్తే ఎక్కేది నాలుగున్నర మీటర్ల లోపే. గేరు తగ్గించి నింపాదిగా ఎక్కేయొచ్చు.

అసలు జాగ్రత్త సొరంగాల దగ్గర. కప్రరెచ్చా సొరంగం ఒక్కటే దాదాపు 2 కిలోమీటర్లు. లోపల చిమ్మచీకటి, ఎండాకాలంలో కూడా చలి. ఫోన్ టార్చ్ అస్సలు చాలదు. హ్యాండిల్‌కి బిగించే మంచి లైటు, వెనక ఎర్ర లైటు, చేతికందేలా ఒక జాకెట్ ఉండాల్సిందే. కంకర బాట కాబట్టి సన్న టైర్లు వద్దు.