ఘోరం నుంచి బయటపడిన మనిషికి తోడుగా ఉండటం ఎలా?

ప్రమాదం, దాడి, వరద, ఆప్తుల హఠాన్మరణం వంటివాటిని కళ్లారా చూసి వచ్చిన మనిషి ఎదురైతే మన నోట ముందుగా వచ్చే ప్రశ్న "అసలేం జరిగింది?" అన్నది; ముందుగా మానుకోవలసిందీ అదే. జరిగినదంతా వెంటనే పూసగుచ్చినట్టు చెప్పిస్తే మనసు తేలికపడుతుందని ఒకప్పుడు నిపుణులూ నమ్మేవారు. ఆ పద్ధతి మేలు చేస్తుందనడానికి ఆధారాలు దొరకకపోగా, కొందరికి కీడు కూడా చేయవచ్చని తేలింది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శక పుస్తకం, పరిస్థితిని చూడటం, బాధితుల మాట వినడం, తగిన సాయానికి చేర్చడం అనే మూడు పనులకే పెద్దపీట వేసింది.

ఆ చోటు క్షేమమైనదేనా, గాయాలకు వైద్యం అందిందా, ఒంటిమీద పొడిబట్టలున్నాయా అన్నవి ముందు చూడండి. తర్వాత మీరెవరో చెప్పి, పక్కనే కూర్చుని, "ఇప్పుడు మీకేం కావాలి?" అని నెమ్మదిగా అడగండి. ఇంటికి కబురు చేయడానికి ఫోను కావాలనవచ్చు, అసలు బదులే రాకపోవచ్చు. చేతిలోని నీళ్ల గ్లాసు వణుకుతూ ఉంటే, ఆ మౌనాన్ని మాటలతో నింపకుండా అలాగే కూర్చోవడం (చాలామందికి ఇదే కష్టం) కూడా సాయమే. వారు మాట్లాడితే అడ్డు తగలకుండా వినండి. "ప్రాణాలతో బయటపడ్డారు, సంతోషించండి", "ఏడవకండి, ధైర్యంగా ఉండాలి" వంటి మాటలు ఓదార్పులా వినిపించినా, ఎదుటివారి బాధకు చోటు లేకుండా చేస్తాయి. ఆచూకీ తెలియనివారి గురించి "క్షేమంగానే ఉంటారు" అని ఎన్నడూ అనకండి.

ఊపిరి వేగంగా తీసుకుంటూ ఎక్కడున్నదీ తెలియనట్టు కనిపిస్తే, పాదాలు నేలకు ఆనించి, ఎదురుగా కనిపించే వస్తువుల పేర్లు ఒక్కొక్కటిగా చెబుతూ, శ్వాసను నిదానంగా వదలమనండి. తాకే ముందు అనుమతి అడగండి. పిల్లలకు నిజాన్ని చిన్న మాటల్లో చెప్పి, జరిగినదానికి వారి తప్పేమీ లేదని ఎన్నిసార్లయినా చెప్పాలి.

నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం తొలి వారాల్లో సహజమే. నెల దాటినా అవి తగ్గకపోయినా, రోజువారీ పనులు సాగకపోయినా మానసిక వైద్యుల వద్దకు తీసుకువెళ్లాలి. చనిపోవాలన్న మాట వస్తే నెల ఆగకుండా, ఒంటరిగా వదలకుండా, వెంటనే వైద్య సహాయం కోరాలి. పరామర్శకు వచ్చేవారు పది రోజుల్లో పలచబడతారు కాబట్టి, మీరు మూడో వారంలోనూ ఫోను చేయండి. "ఏమైనా కావాలంటే చెప్పండి" అనడం కంటే "రేపు ఆస్పత్రికి నేను వెంట వస్తాను" అనండి.