యూకేలో డ్రైవింగ్ టెస్ట్ పోయిందా? మళ్లీ వెళ్లేముందు చూసుకోవాల్సినవి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పదేళ్లు కారు నడిపి వచ్చినవాళ్లకు కూడా యూకేలో మొదటి టెస్ట్ పోతూ ఉంటుంది. ఇక్కడా ఎడమ పక్కనే నడపాలి, స్టీరింగ్ కుడివైపే ఉంటుంది, కాబట్టి కొత్తగా నేర్చుకునేది పెద్దగా లేదనిపిస్తుంది. తేడా అంతా దారి ఎవరిదన్న లెక్కలో ఉంది. మన దగ్గర బండి ముక్కు కొంచెం ముందుకు పెడితే అవతలివాళ్లు సర్దుకుంటారు. ఆ సర్దుబాటు మీదే మన ట్రాఫిక్ నడుస్తుంది. ఇక్కడ దారి అవతలివాళ్లది అయినప్పుడు మీ కోసం వాళ్లు బ్రేక్ వేయాల్సి వచ్చినా, పక్కకు తప్పుకోవాల్సి వచ్చినా తప్పు మీ ఖాతాలోనే పడుతుంది. రెండోసారికి సిద్ధమయ్యేటప్పుడు ప్రతి తప్పునూ ఈ కొలతతోనే చూసుకోండి. కింద రాసినవి ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లకు వర్తిస్తాయి. ఉత్తర ఐర్లండ్‌లో టెస్ట్ నిర్వహణ వేరు.

రిపోర్టును ఎలా చదవాలి

టెస్ట్ వివరాలు ఈమెయిల్‌లో వస్తాయి. చిన్న తప్పులు (మైనర్లు) 15 వరకు ఉన్నా పాసే, 16 అయితే ఫెయిల్. సీరియస్ (ప్రమాదం తేగల తప్పు) గానీ డేంజరస్ (నిజంగా ప్రమాదం తెచ్చిపెట్టిన తప్పు) గానీ ఒక్కటి పడితే చాలు, ఫెయిల్. "నాలుగే మైనర్లు, ఒక్క సీరియస్ వల్ల పోయింది, టైమ్ బాలేదు" అనుకుని ఏమీ మార్చుకోకుండా మళ్లీ వెళ్లడం వల్లే రెండోసారీ పోతుంది. ఆ నాలుగు మైనర్లు దేని కింద పడ్డాయో చూడండి. మూడు మిర్రర్ల దగ్గర పడి, సీరియస్ లేన్ మారేటప్పుడు పడితే అవన్నీ ఒకే అలవాటు తాలూకువి. ఒకే చిన్న తప్పు పదేపదే చేస్తే ఎగ్జామినర్ దాన్నే సీరియస్‌గా రాయవచ్చు కూడా.

రిపోర్టు ఏ తప్పు పడిందో చెబుతుంది కానీ అది ఎందుకు జరిగిందో చెప్పదు. అందుకని ఆ రాత్రే కూర్చుని రాసుకోండి: ఏ రోడ్డు, ఎటు తిరుగుతున్నారు, ఏ గేర్‌లో ఉన్నారు, ఎటు చూస్తున్నారు, అప్పుడు అవతలి బండి ఏం చేసింది. రెండు రోజులు ఆగితే సగం మర్చిపోతారు. ఈసారి టెస్ట్ చివర్లో ఎగ్జామినర్ ఫలితం వివరించేటప్పుడు మీ ఇన్‌స్ట్రక్టర్‌ను కూడా దగ్గరుండి వినమని అడగండి. అందుకు అనుమతి ఉంది.

జంక్షన్, రౌండబౌట్, మిర్రర్

జంక్షన్ దగ్గర సరిగా చూడకపోవడం ఫెయిల్ కారణాల్లో ఎప్పుడూ ముందువరసలో ఉంటుంది. చాలామంది తల అటూ ఇటూ తిప్పుతారు, కానీ అప్పటికే బండి కదులుతూ ఉంటుంది. చూడ్డం ముందు, కదలడం తర్వాత. గోడో, ఆగిన కార్లో అడ్డుగా ఉంటే గీత దగ్గర ఆగి, మొదటి గేర్‌లో క్లచ్ పట్టు మీద అంగుళం అంగుళం జరుగుతూ, రెండు వైపులా స్పష్టంగా కనిపించేదాకా వెళ్లకండి. సందు సరిపోతుందో లేదో తేల్చుకోవడానికి ఇన్‌స్ట్రక్టర్లు చెప్పే కొలత ఒకటుంది: అంత సందులో మీరు నడిచి రోడ్డు దాటగలిగితే కారుతోనూ వెళ్లవచ్చు, పరుగెత్తాల్సి వస్తే ఆగాలి. ఒకసారి పోయాక ఇంకో ప్రమాదం వస్తుంది. భయంతో ఖాళీ రోడ్డు మీద కూడా ఆగిపోతారు. అనవసరంగా తటపటాయించినా తప్పు పడుతుంది. ఈ కొలత దానికీ మందు.

పక్క రోడ్డులోకి తిరిగేటప్పుడు అక్కడ నడిచి దాటుతున్నవాళ్లకే కాదు, దాటడానికి నిలబడినవాళ్లకూ దారి ఇవ్వాలి. 2022 జనవరి 29 నుంచి హైవే కోడ్ (ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం) ఇలా చెబుతోంది. హారన్ కొట్టి ముందుకు వెళ్లే అలవాటుంటే ముందు దీన్నే మార్చుకోండి.

రౌండబౌట్‌లో (గుండ్రంగా తిరిగే కూడలిలో) కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలి. నేరుగా వెళ్లాలంటే లోపలికి వెళ్లేటప్పుడు ఇండికేటర్ అక్కర్లేదు. మీ దారికి ముందున్న దారిని దాటగానే ఎడమ ఇండికేటర్ వేసి, ఎడమ మిర్రర్ చూసి బయటికి రండి. తప్పు లేన్‌లో ఉన్నామని సగంలో తెలిస్తే ఆ లేన్ ఎటు తీసుకెళ్తే అటే వెళ్లండి. దారి తప్పడం తప్పు కాదు, చివరి క్షణంలో లేన్ మారి వెనకవాళ్ల చేత బ్రేక్ వేయించడమే తప్పు. టెస్ట్‌లో కొంత భాగం శాట్‌నావ్ (దారి చూపే పరికరం) లేదా బోర్డులు చూసి నడపాలి. చాలామంది కంగారు పడేది అక్కడే కాబట్టి ఈ మాట గట్టిగా గుర్తుంచుకోండి.

మిర్రర్ల విషయంలో ఇండికేటర్ వేయడానికి ముందు, వేగం మార్చడానికి ముందు లోపలి మిర్రర్, ఆపైన తిరిగే వైపు మిర్రర్ చూడాలి. ఆగిన కారును దాటుతున్నా ఇదే వరస. రోడ్డు పక్క ఆగి మళ్లీ కదిలే ప్రతిసారీ కుడి భుజం మీదుగా వెనక్కి చూడాలి. మిర్రర్‌లో కనిపించని సైకిల్ అక్కడే ఉంటుంది.

మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లలో కనిపించే ఇంకో రెండు అలవాట్లు: క్లచ్ తొక్కి పట్టుకుని లేదా న్యూట్రల్‌లో బండిని దొర్లించడం, లైటు మెరుపును తప్పుగా అర్థం చేసుకోవడం. మన దగ్గర ఎదుటి బండి లైట్లు కొడితే "నేను వస్తున్నా, ఆగు" అని. ఇక్కడ చాలామంది "మీరు వెళ్లండి" అనే ఉద్దేశంతో కొడతారు. హైవే కోడ్ మాత్రం లైట్ల మెరుపును నమ్మి కదలొద్దనే చెబుతుంది. దారి ఖాళీగా ఉందో లేదో మీ కళ్లతో చూసుకున్నాకే కదలండి.

ప్రాక్టీస్ ఎవరితో

భారతీయ లైసెన్స్‌తో యూకేలో నివాసం మొదలైన 12 నెలలే నడపవచ్చు. దాన్ని ఇక్కడి లైసెన్స్‌గా మార్చుకునే వీలు లేదు. ఆ గడువు దాటితే ప్రొవిజనల్ లైసెన్స్ (నేర్చుకునేవాళ్ల లైసెన్స్), ఎల్ బోర్డులు, ఇన్సూరెన్స్ అన్నీ కావాలి. పక్కన కూర్చునేవాళ్లకు 21 ఏళ్లు దాటి, పూర్తి లైసెన్స్ వచ్చి 3 ఏళ్లు అయి ఉండాలి. ఆ లైసెన్స్ యూకే, ఈయూ లేదా స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లిక్టెన్‌స్టైన్‌లది కావాలి. ఇండియాలో పదిహేనేళ్లు నడిపి, ఇక్కడ పోయిన ఏడాదే లైసెన్స్ తెచ్చుకున్న రూమ్మేట్ పనికిరారు. నిబంధన తప్పితే 1,000 పౌండ్ల వరకు జరిమానా, లైసెన్స్ మీద 6 పెనాల్టీ పాయింట్ల వరకు పడవచ్చు.

ఇన్‌స్ట్రక్టర్‌ను పెట్టుకుంటే కారు ముందు అద్దం మీద బ్యాడ్జి చూడండి. ఆకుపచ్చ అష్టకోణం పూర్తి అర్హత ఉన్నవాళ్లది, గులాబీ త్రికోణం ట్రైనీది. "నన్ను డ్రైవింగ్ నేర్పించండి" అనకుండా రిపోర్టు చేతికిచ్చి, ఆ తప్పు పడిన రకం జంక్షన్లకే తీసుకెళ్లమనండి. ఆ తర్వాత 40 నిమిషాల మాక్ టెస్ట్, ఆయన నోరు మెదపకుండా. వరసగా రెండు మాక్‌లలో ఆ తప్పు రాకపోతే సిద్ధమైనట్టు.

బుకింగ్

రెండు టెస్టుల మధ్య కనీసం 10 పని దినాలు ఉండాలి. ఫీజు మామూలు రోజుల్లో 62 పౌండ్లు, సాయంత్రాలు, వారాంతాలు, సెలవు రోజుల్లో 75. చాలా సెంటర్లలో స్లాట్లు నెలల దూరంలో ఉంటాయి కాబట్టి ఫెయిలైన వారంలోనే ఒక తేదీ పట్టుకోవడం మేలు. సిద్ధం కాలేదనిపిస్తే టెస్ట్‌కు 10 పని దినాల ముందే తేదీ మార్చుకోవాలి, ఆలస్యమైతే ఫీజు పోతుంది. తేదీ ఎన్నిసార్లు మార్చవచ్చన్నదానికీ పరిమితి ఉంది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే బుక్ చేయండి, స్లాట్లు ఎక్కువ ధరకు అమ్మేవాళ్ల జోలికి వెళ్లకండి.

థియరీ (రోడ్డు నియమాల పరీక్ష) పాసైన తేదీ కూడా చూసుకోండి. రెండేళ్లలోపు ప్రాక్టికల్ పాసవ్వకపోతే థియరీ మళ్లీ రాయాల్సిందే. కొత్త తేదీ ఆ గడువు లోపలే పడేలా చూసుకోండి.

ఎగ్జామినర్ అన్యాయం చేశారనిపిస్తే అప్పీల్ ఉంది. కానీ నిబంధనలు పాటించలేదని రుజువైనా ఫలితం మారదు, మళ్లీ టెస్ట్‌కు వెళ్లే అవకాశమే వస్తుంది.

ఆ రోజు

ప్రొవిజనల్ కార్డు మర్చిపోతే టెస్ట్ జరగదు. కళ్లద్దాలుంటే పెట్టుకెళ్లండి. 20 మీటర్ల దూరం నుంచి నంబర్ ప్లేట్ చదవలేకపోతే అక్కడితోనే ఆపేస్తారు. సొంత కారైతే డ్యాష్‌బోర్డులో హెచ్చరిక లైటు ఏదీ వెలగకూడదు, ఎగ్జామినర్ కోసం అదనపు లోపలి మిర్రర్ ఉండాలి. మధ్యలో తప్పు జరిగినట్టనిపించినా అక్కడే ఆగిపోకండి. అది మైనరో సీరియసో మీకు అప్పుడు తెలియదు. దాని గురించి ఆలోచిస్తూ తర్వాతి జంక్షన్‌లో కుడివైపు చూడకపోతే మాత్రం సీరియస్ పడటం ఖాయం.