మ్యాప్‌లో సరస్సులు కలిసిపోతున్నాయా? తేడా ఎక్కడ కొడుతోందో చూద్దాం

పేర్లన్నీ నోటికొస్తాయి, ఖాళీ మ్యాప్ ముందు పెడితే మాత్రం పెన్సిల్ కదలదు. టెన్త్ మ్యాప్ పాయింటింగ్‌కైనా, గ్రూప్స్ ప్రిపరేషన్‌కైనా ఇదే గోల.

సమస్య: ఆఫ్రికాలో విక్టోరియా, టాంగన్యికా, మలావి తారుమారవుతున్నాయి.

కారణం: మూడింటినీ ఒక గుంపుగా బట్టీ పట్టడం. ఆకారం ఎందుకలా ఉందో ఒక్కసారి పట్టించుకుంటే మళ్లీ కలవవు. టాంగన్యికా, మలావి పగులు లోయల్లో (భూమి పైపొర చీలి ఏర్పడిన పొడవాటి లోయల్లో) నీళ్లు నిండి ఏర్పడినవి, అందుకే సన్నగా, పొడుగ్గా, బాగా లోతుగా ఉంటాయి. టాంగన్యికా పొడవు సుమారు 670 కి.మీ., గరిష్ఠ లోతు 1,470 మీటర్లు. విక్టోరియా ఆ లోయ రెండు పాయల మధ్య పళ్లెంలా పరుచుకుంది, విస్తీర్ణంలో ఆఫ్రికాలోనే పెద్దది, లోతు చూస్తే 80 మీటర్లకు కాస్త అటూ ఇటూ, అంతే.

పరిష్కారం: ముందు భూమధ్యరేఖ గీయండి. అది విక్టోరియా ఉత్తర భాగం మీదుగా పోతుంది. అక్కడి నుంచి నైరుతికి వస్తే కాంగో సరిహద్దు వెంట నిలువుగా టాంగన్యికా, ఇంకా కిందికి దిగితే మొజాంబిక్ పక్కన మలావి. పాత అట్లాసులో న్యాసా అని కనిపిస్తే కంగారు పడకండి, అదీ ఇదీ ఒకటే.

సమస్య: అమెరికా గ్రేట్ లేక్స్ ఐదింటి వరుస గుర్తుండదు.

'హోమ్స్' (HOMES, ఐదు సరస్సుల ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలు) అనే కోడ్ అందరూ చెబుతారు కానీ, నన్నడిగితే మ్యాప్ దగ్గర అది దండగ. పేర్లు గుర్తుచేస్తుంది, ఏది ఎక్కడుందో చెప్పదు. దాని బదులు నీళ్ల వెంట వెళ్లండి. ఎడమవైపు పైన అన్నిటికన్నా పెద్దది సుపీరియర్, దాని నీళ్లు హ్యురాన్‌లోకి, అక్కడి నుంచి ఈరీకి, నయాగరా దాటి ఒంటారియోకి, చివరికి సెయింట్ లారెన్స్ నది గుండా అట్లాంటిక్‌కి. కెనడాను తాకకుండా కిందికి వేలాడేది మిషిగన్, దాని అడుగున షికాగో. చాలామంది బోల్తా పడేది ఈరీ దగ్గరే: నయాగరా నది ఉత్తరానికి పారుతుంది కాబట్టి నీళ్లొచ్చే ఈరీ మ్యాప్‌లో కింద, అవి చేరే ఒంటారియో పైన ఉంటాయి.

సమస్య: బైకాల్ అనుకుని బాల్కాష్‌ మీద గుర్తు పెట్టడం.

రెండూ సన్నగా వంపు తిరిగినవే. మంగోలియాను వెతికి పట్టుకోండి, దానికి సరిగ్గా పైన రష్యాలో ఏటవాలుగా ఉన్నది బైకాల్. పడమరన కజకిస్తాన్‌లో అడ్డంగా పడుకున్నది బాల్కాష్.

సమస్య: ఒక మ్యాప్‌లో పెద్దగా ఉన్న మధ్య ఆసియాలోని ఆరల్, ఇంకో మ్యాప్‌లో ముక్కలుగా ఉంది.

తప్పు మీది కాదు, అట్లాసు ఏ ఏడాదిదో చూడండి. 1960ల నుంచి సోవియట్ ప్రభుత్వం అము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్లను పత్తి సాగుకు మళ్లించడంతో అది ఎండిపోతూ వచ్చింది. 2005లో పూర్తయిన కట్ట వల్ల ఉత్తరాన చిన్న భాగం మాత్రం కాస్త కోలుకుంది. ఆఫ్రికాలోని చాద్ సరస్సు కూడా ఇలాగే బాగా కుంచించుకుపోయింది, కాకపోతే అక్కడ ముఖ్య కారణం కరువులు. ఆస్ట్రేలియాలోని ఐర్ అయితే మ్యాప్‌లో నీలంగా, ఉపగ్రహ చిత్రంలో ఎక్కువసార్లు ఉప్పు తేలి తెల్లగా కనిపిస్తుంది. సరస్సు అంచు గీత తెగితెగి ఉంటే అందులో ఏడాది పొడవునా నీళ్లుండవని అర్థం.