టెన్నిస్ ఎల్బోకి వ్యాయామం మొదలుపెట్టే ముందు

• మోచేతి బయటివైపు నొప్పికి ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లినప్పుడు వేళ్ల తిమ్మిరి, మెడనొప్పి ఉంటే తప్పక చెప్పండి. సమస్య నరానిది కావచ్చు.

• షుగర్ ఉన్నా, మోచేతి దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నా దాచొద్దు.

• నొప్పి మాత్ర వేసుకుని వ్యాయామానికి కూర్చోవద్దు. చేత్తో ఎత్తే బరువు ఎక్కువైందని చెప్పేది ఆ నొప్పే. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉంటే ఫర్వాలేదు, మర్నాటికీ తగ్గకపోతే మాత్రం బరువు తగ్గించండి. భయపడి చెయ్యి అసలు కదపకపోవడమూ మంచిది కాదు, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ ఇంకా బలహీనపడుతుంది.

• మొదట్లో బరువుగా అర లీటరు నీళ్ల సీసా చాలు. దాన్ని పట్టుకుని అరచేయి కిందికి ఉంచి, మణికట్టును మెల్లగా దించడం నేర్చుకోండి. చాలామంది తొందరపడేది ఇక్కడే.

• బట్టలు పిండటం, మౌస్ పట్టుకునే పని కొన్నాళ్లు తగ్గించుకోండి. కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు.